తేలిక పని

ఆ ఎండాకాలం మేం గెలిచాం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కంపెనీ మమ్మల్ని ఓడించిందని ఎవరైనా అనుకుంటే అది అబద్ధం.

పంతొమ్మిది వందల ఎనభై రెండు. ఫిబ్రవరి నెలంతా సీసం కంపెనీ గేటు ముందు కూర్చున్నాం. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి, ఇటుకల్లా పోసి ఓడలకెక్కించే కంపెనీ అది. పోర్టుకి పడమట, మా రాయిమెట్ట కాలనీకి ఎదురుగా దాని పొగగొట్టం. నా తమ్ముడు జ్ఞానదాసు అందులో కొలిమి దగ్గర పని చేసేవాడు. నేను పోర్టు గోదాముల్లో ఒలికిన గోధుమలు ఊడ్చేదాన్ని. మొగుడు పోయాక తమ్ముడింట్లోనే ఉండేదాన్ని. కంపెనీలో నాకు ఉద్యోగం లేదు. కానీ నోరుంది. అక్షరాలు ఎన్నికలప్పటి గోడరాతల మీద నేర్చుకున్నాను కాబట్టి డిమాండ్ల కాగితం రాసే పని నామీద పడింది. పోలీసు వ్యాను వచ్చిన రోజున మగాళ్లు టీకొట్టు దాకా వెనక్కి వెళ్లారు. అరవై మంది ఆడాళ్లం కదల్లేదు. అందుకని నా పేరు కొంచెం పెద్దదైంది. విమలమ్మ అంటే గేటు వాచ్‌మన్ కూడా కుర్చీలోంచి లేచేవాడు.

ఆ కాగితంలో ఆరో డిమాండు నాది.

కంపెనీలో ఒక పద్ధతుండేది. షిఫ్టు దిగాక మగాళ్లు కాకీ బట్టలు డ్రమ్ములో పడేయాలి, కుళాయి కింద స్నానం చేయాలి, సొంత బట్టలు కట్టుకుని బయటికి రావాలి. ఆ కాకీ బట్టలు లోపలే లాండ్రీ షెడ్డులో ఉతికేవారు. కుళాయిలు ఆరు. షిఫ్టుకి నలభై అయిదు మంది. ముప్పావుగంట లైను, దానికి జీతం లేదు, పక్కన కర్ర పట్టుకుని ఒక వాచ్‌మన్. సంతకి తోలే గొడ్లని కడిగినట్టు కడుగుతున్నారని యూనియన్ సెక్రటరీ సన్యాసిరాజు మీటింగుల్లో కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నాకూ ఒళ్లు మండింది. మా మగాళ్ల బట్టలు మాకివ్వండి, మేం ఉతుక్కుంటాం, ఆ ఖర్చు ఉతుకుడు అలవెన్సుగా మా ఇళ్లకివ్వండి అని రాశాను.

జీతాల దగ్గర మేనేజరు గురునాథరావు మూడు రోజులు పీకులాడాడు. ఆరో డిమాండు దగ్గరికొచ్చేసరికి టీ తెప్పించాడు. ఇది న్యాయమైన కోరిక, ఇప్పుడే ఒప్పుకుంటున్నాను అన్నాడు. ఆడాళ్లే కోరుకున్నట్టు ఒక ముక్క రాసిమ్మన్నాడు, పైవాళ్లకి చూపించడానికి. రాశాను. దాని కింద అరవై వేలిముద్రలు వేయించాను. ఆ టీ ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. బేరమాడకుండా ఇంత తొందరగా ఇచ్చేవాడు ఎందుకిస్తున్నాడని నేను అనుకోవాలి. ఊళ్లో ప్రతి దొంగనీ అడిగే మనిషిని, ఆ రోజు అడగలేదు.

మార్చి చివరికల్లా స్నానాల లైను ఎత్తేశారు, కాకీ బట్టలు ఇళ్లకి రావడం మొదలైంది. మా ఊరికి దుమ్ము కొత్త కాదు. పోర్టులో ఇనపఖనిజం ఎత్తితే దండెం మీద తెల్లచీర ఎర్రచీరయ్యేది. ఎర్రదుమ్ములో పుట్టి పెరిగినవాళ్లకి ఆ బట్టల మీది బూడిదరంగు దుమ్ము ఒక లెక్కలోకి రాలేదు.

ఎవరింట్లో వాళ్లు ఉతుక్కుంటే సబ్బు దండగ, నీళ్లు దండగ. అందరం కలిసి ఉతుకుదామన్నాను. మెట్ట కింద మునిసిపాలిటీ బావి దగ్గర బండలు వేయించాను. పెళ్లికాని కుర్రాళ్ల బట్టలు కూడా తీసుకున్నాం. గురువారం ఒకసారి, ఆదివారం చర్చి అయ్యాక ఒకసారి. ఒకరు నీళ్లు తోడడం, ఒకరు నానబెట్టడం, ఇద్దరు బండకేసి బాదడం, ఒకరు జాడించడం. మహిళా సంఘం అని పేరు పెట్టాను. కొత్తగా పడుతున్న స్టీల్‌ప్లాంటు వైపు నుంచి కూడా ఎవరో యూనియన్ వాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు.

దుమ్ముతో నానబెడితే సబ్బంతా దుమ్మే మింగేస్తుంది. గోదాముల్లో గోనెలు దులిపిన అనుభవం నాది. ముందు పొడిగా దులపాలి, తర్వాత నానబెట్టాలి అని నేర్పింది నేనే. దులిపే పని నా మరదలు పుష్పకుమారికి ఇచ్చాను.

పుష్పకి అప్పుడు మూడో నెల. అంతకుముందు నాలుగేళ్లు కడుపు పండలేదు. చర్చిలో ఆడాళ్ల ప్రార్థనలన్నీ దానికోసమే. అందుకని నేను దాన్ని గాజుబొమ్మలా చూసుకున్నాను. బావి తాడు ముట్టుకోనివ్వలేదు. బిందె ఎత్తనివ్వలేదు. తడిబట్ట బరువుంటుంది, బాదితే నడుం కదులుతుంది. పొడిబట్ట దులపడానికేముంది. గోడ నీడన పీట వేసి కూర్చోబెట్టాను. దుమ్మెగిరి తడిబట్టల మీద పడుతోందని జాడించే మహాలక్ష్మమ్మ గొణిగితే, పుష్ప కూర్చున్న చోట రెండు వైపులా తాటాకు తడికలు కట్టించాను. ఇంకోవైపు గోడ. గాలి దూరకుండా చక్కగా కుదిరింది.

పుష్ప మొదటి రోజున సిగ్గుపడింది.

"అందరూ కట్టపడతంటే నాను కూకోడమేటి ఒదినా. నవ్విపోతారు."

"నీకు తేలిక పనే సాలు. మాటాడకుండా కూకో" అన్నాను.

చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే దేముడమ్మ, బండ దగ్గర నుంచే అందుకుంది. "నవ్వేదెవరే? నాను ఆరు కాన్పులు కన్నాను. కడుపుతో ఉన్నప్పుడే మా అత్త నాసేత రోలు మోయించింది. ఇలాటి ఆడపడుసు నాకు దొరికుంటే ఇంకో ఆరుగుర్ని కనీదాన్ని."

బావి గట్టంతా నవ్వింది. పుష్ప కూడా నవ్వుతూ ఒక చొక్కా తీసి రెండు చేతులా దులిపింది. ఆ మూలలో లేచిన దుమ్ముకి కాసేపు దాని మొహం కనిపించలేదు.

మే నెల. గోడలు కాగుతున్నాయి. పుష్ప కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి అనేది. నోట్లో ఏదో రుచి, ఇనపముక్క నాకినట్టుంది అనేది. అన్నం సగంలో వదిలేసేది. మనిషి పాలిపోయింది. వేవిళ్లు అన్నాను. ఐదో నెలలో కూడా వేవిళ్లేమిటి అంది మహాలక్ష్మమ్మ. కొందరికి కాన్పుదాకా ఉంటాయన్నాను. నాకు పిల్లల్లేరు. అయినా నాకు తెలుసన్నట్టే మాట్లాడాను. అదే ఏడాది మహాలక్ష్మమ్మ కోడలికి కడుపు పోయింది, వెనకవీధిలో ఇంకొకామెకి పోయింది. వాటిని ఎవరూ ఒకచోట పెట్టి చూడలేదు. ఎండ దెబ్బ అన్నారు, దిష్టి అన్నారు.

ఒక గురువారం పుష్ప ఆవలిస్తుంటే దేముడమ్మ దాని గడ్డం పట్టుకుంది.

"ఓలమ్మా, ఈ కిరస్తానీ పిల్ల సాటుగా అడ్డపొగ తాగతందే! సిగుళ్లు సూడండి. నా సిగుళ్లకన్నా నల్లగున్నాయి."

పళ్ల మొదట్లో, చిగురు అంచున, పెన్సిలుతో గీసినట్టు సన్నటి నీలం గీత. అందరం చూశాం. అందరం నవ్వాం. పాస్టరుగారికి చెప్తామని పుష్పని బెదిరించాం కూడా.

జూలైలో ఏడో నెల రాగానే ఆనందపురం నుంచి పుష్ప తల్లి సూర్యకాంతమ్మ వచ్చింది. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్తానంది. సున్నుండలు తెచ్చింది, కొత్త చీర తెచ్చింది, బస్సు టైము కూడా కనుక్కుని వచ్చింది. నేను పంపలేదు.

పల్లెలో ఏముంది, మంత్రసాని తప్ప? ఇక్కడ పెద్దాసుపత్రి ఉంది, డాక్టర్లున్నారు, అడ్డం తిరిగితే కోసి తీస్తారు. ఏడో నెలని పుట్టింటికి లాక్కెళ్లడం పాత ఆచారం, దానివల్ల ఎంతమంది దారిలో పోయారో తెలుసా అని ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ నోరు లేని మనిషి. నేను నోరున్న మనిషిని. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. చెప్పనిది ఒకటుంది. పుష్ప వెళ్తే దులిపే చోట మనిషి ఉండదు. ఆగస్టులో మా సంఘాన్ని చూడడానికి ఊళ్లోని వేరే కాలనీల ఆడాళ్లని పిలిచాను.

"ఏడో నెల్లో తల్లికాడికి రావాల విమలమ్మా. ఏటో ఒకందుకే పెద్దోళ్లు పెట్టుంటారు" అందావిడ.

"ఏటందుకు పెట్టారో సెప్పత్తా, పంపేత్తాను" అన్నాను.

 ఆవిడ పుష్ప వైపు చూసింది. ఒదినె ఏది చెప్తే అదే అంది పుష్ప. సూర్యకాంతమ్మ సున్నుండల డబ్బా అక్కడే వదిలేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

ఏటో ఒకందుకే. ఆ ఒకందుకేదో నాకు సెప్టెంబరులో తెలిసింది.

ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రికి రిక్షాలో తీసుకెళ్లాం. ఆడపిల్ల. మూడు పౌన్ల పైన కొంచెం. పుట్టగానే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది గానీ అది ఏడుపు కాదు, తలుపు కిర్రుమన్నట్టుంది. రెండో రోజున చేతులూ కాళ్లూ బిగుసుకుని కొట్టుకున్నాయి. మూడో రోజున మళ్లీ.

అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. చదువు పూర్తయి ఏడాది కూడా అయ్యుండదు. మిగతావాళ్లు పిల్లని చూసి వెళ్లారు. ఈ అమ్మాయి తల్లిని చూసింది. పుష్ప కళ్లు మూసుకుని పడుకునుంటే, వేలితో పైపెదవి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితం తీసుకుని నా దగ్గరికొచ్చింది.

"ఇంట్లో ఎవరైనా సీసం పని చేస్తారా?"

"నా తమ్ముడమ్మా."

"ఆయన బట్టలు కంపెనీలో ఉతుకుతారా, ఇంట్లోనా?"

"ఇంటికాడే. పోరాడి సాధించుకున్నాం" అన్నాను. అప్పటికీ ఆ మాటలో నాకు గర్వం ఉంది.

"ఈవిడే ఉతికేదా?"

"అదేటమ్మా, కడుపుతో ఉన్న మనిసి సేత ఉతికిత్తామా? దులిపీదంతే."

రాస్తున్న చెయ్యి ఆగింది.

"పొడిబట్టలు?"

"పొడియే."

"ఎన్ని?"

వారానికి నూరు పైనే అని చెప్పాను.  ఆ అమ్మాయి తల ఎత్తకుండా రాసుకుంది. రాసి, కాగితం మడిచి, జేబులో పెట్టుకుని, నన్ను వరండాలోకి రమ్మని బెంచీ మీద కూర్చోమంది. ఆవిడ నిలబడే ఉంది.

సీసం దుమ్ము ఊపిరితో లోపలికి పోతుందట. చేతికంటుకుని అన్నంతో పోతుందట. తల్లి రక్తంలోకి చేరింది బిడ్డకి వెళ్లకుండా ఆపే గోడ కడుపులో లేదట. పెద్దవాళ్లని నెమ్మదిగా తింటుంది, కడుపులో బిడ్డకి మెదడు తయారవుతుండగానే తింటుంది అంది. తడిపి ఉతికితే కొంత నయం, పొడిగా దులపడం అన్నిటికన్నా చెడ్డది అంది. రక్తం ఎక్కడికో పంపారు. ఐదు వారాలకి చీటీ వచ్చింది. తల్లిలోనూ ఉంది, బిడ్డలోనూ ఉంది. ఉండకూడనంత ఉంది. ఇది కంపెనీవల్లేనని రాసిమ్మని డాక్టరమ్మని అడిగాను. సీసం ఉందని రాసిస్తాను, బిడ్డ ఇలా పుట్టడానికి అదొక్కటే కారణమని కాగితం మీద రాయలేను అంది. నా చేతిలో ఆ చీటీ పెడుతున్నప్పుడు ఆ డాక్టరమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తిట్టాల్సిన వాళ్లలో ఆవిడ లేదు.

పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. దేవుని చిత్తం అన్నారు. దేవుడు బ్యాటరీలు పగలగొట్టడం లేదండీ అన్నాను. ఆయన బైబిలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. జ్ఞానదాసు నన్ను కసురుకున్నాడు.  పుష్ప పిల్లకి దూది ముక్కతో పాలు పిండుతోంది. పిల్లకి చీకడం రాలేదు.

చీటీ పట్టుకుని గురునాథరావు దగ్గరికి వెళ్లాను. ఈసారి టీ లేదు. ఫైలు తెప్పించి, నా రాత చూపించాడు. ఆడవాళ్లమే కోరుతున్నాము, బట్టలు మేమే ఉతుక్కుంటాము అని. కింద అరవై వేలిముద్రలు.

"మీ దస్తూరీయే కదమ్మా" అన్నాడు.

సీసం దుమ్ము సంగతి మీకు తెలుసా అని అడిగాను. లాండ్రీ షెడ్డు గోడకి బోర్డు పెట్టాం కదా అన్నాడు. పెట్టారు. ఇంగ్లీషులో. ఏడేళ్లుగా మా మగాళ్లు ఆ బోర్డు కిందే చెప్పులు విడిచారు.

యూనియన్ మీటింగు పెట్టించాను. అలవెన్సు వెనక్కిచ్చేద్దాం, బట్టలు లోపలే ఉతకమందాం, స్నానాలు మళ్లీ పెట్టమందాం, ఆ ముప్పావుగంటకి జీతం అడుగుదాం అన్నాను. మగాళ్లు నేల చూపులు చూశారు.

"అక్కా, గెలిసిందాన్ని మనమే ఒగ్గేత్తే రేపు ఇంకేటైనా అడగ్గలమా?" అన్నాడు సన్యాసిరాజు. "ఒక్క పిల్ల అలా పుట్టిందని మల్లీ లైన్లో నిలబడమంతే కుర్రోళ్లు ఒప్పుకోరు."

చేతులెత్తమన్నారు. నా వైపు పదకొండు లేచాయి. నా తమ్ముడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే వాడి మణికట్లు వాలిపోతున్నాయి, గ్లాసు పట్టుకుంటే జారేది. ఎత్తలేకపోయాడో, ఎత్తలేదో నేను అడగలేదు.

మగాళ్లతో పని లేదనుకున్నాను. ఆడాళ్లకి చెప్పాను. మాసిన కాకీ బట్టలన్నీ దులపకుండా బావి దగ్గరే నీళ్లలో ముంచి, తడితడిగా మోసుకెళ్లి, గేటు ముందు కుప్ప పోశాం. రేపటి షిఫ్టుకి బట్టల్లేవు. మరుసటి రోజు కూడా పోశాం. మొగుళ్లు కొట్టారు కొందరిని. దేముడమ్మ మొగుడు కర్రెత్తితే, నీ బట్టలు నువ్వే దులుపుకుని నువ్వే సావు అని చెప్పి కూతురింటికి పోయింది. తొమ్మిదో రోజున నేను గేటు ముందు రాయెక్కి మాట్లాడాను. సీసం ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చెప్పాను. మహాలక్ష్మమ్మ కోడలి సంగతి చెప్పాను. ఇంగ్లీషు బోర్డు సంగతి చెప్పాను. చంటిపిల్లని చూపించాను. అవును, దాన్ని పుష్ప ఒళ్లోంచి తీసుకుని రెండు చేతులా పైకెత్తి చూపించాను. ఏడవని ఆడది లేదు. అన్నీ చెప్పాను. ఒక్క మాట తప్ప. తడికలు కట్టించింది ఎవరో చెప్పలేదు.

డిసెంబరులో లాండ్రీ షెడ్డు మళ్లీ తెరిచారు. అలవెన్సు తీసేశారు. ఇది కూడా గెలుపే. రాయిమెట్టలో మగాళ్లు ఇప్పటికీ నేనెదురుపడితే, విమలమ్మ మన అలవెన్సు తినేసిందిరా అంటారు. వాళ్లకి ఆ తర్వాత పుట్టిన పిల్లలు వీధిలో పరిగెడుతుంటారు. మగాళ్లు ఆ రెండింటినీ కలిపి చూడరు. చూడొద్దు కూడా. పిల్లలు పరిగెడితే చాలు.

మా పిల్లకి రత్నమణి అని పేరు పెట్టాం. ఇప్పుడు ఆరేళ్లు. నడక లేదు. మాట లేదు. వెలుగు చూస్తే నవ్వుతుంది. పుష్ప దాన్ని చంకనేసుకునే నీళ్లు తెస్తుంది, చంకనేసుకునే చర్చికి వెళ్తుంది. ఎవరైనా కొత్తవాళ్లు పిల్లని చూసి, కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా బరువెత్తావా అమ్మా అని అడుగుతారు. మనవాళ్లకి తెలిసిన కారణం అదొక్కటే. అప్పుడు పుష్ప ప్రతిసారీ ఒకటే జవాబు చెప్తుంది.

"నేదండి. మా ఒదినె నన్ను గలాసుడు నీల్లు కూడా ఎత్తనివ్వనేదు. బంగారంలాగ సూసుకుంది."

ఈ మాట నేను ఆరేళ్లు విన్నాను. చర్చి మెట్ల మీద విన్నాను, రేషను లైన్లో విన్నాను, ఆసుపత్రిలో విన్నాను. మేనేజరు మొహం మీద ఏదైనా చెప్పగలను. ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టుకున్నదాన్ని. మా పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తోముకుంటున్న ఈ ఒక్క మనిషికి ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ఈస్టరు ముందు వారం చెప్పాను. పిల్ల చాప మీద పడుకునుంది. పుష్ప చేప పొలుసు గీకుతోంది.

"దులిపే పని నీకిచ్చింది నాను, పుష్పా. తడికలు కట్టించింది నాను. మీ అమ్మ తీసుకెల్తానంతే ఆపింది నాను. ఉతికినోల్లకన్నా దులిపినోల్లకే ఎక్కువ ఎక్కుద్దని ఆ దాక్టరమ్మ నాకు అప్పుడే సెప్పింది."

పుష్ప కత్తి ఆపలేదు. ఆ చేప అయ్యేదాకా గీకింది. నీళ్లలో ముంచి పక్కన పెట్టింది.

"తెలుసొదినా. ఆ దాక్టరమ్మ నిన్నడిగినప్పుడు నాను నిద్దరోనేదు."

"తెలిసీ అందరికీ అలా సెప్తావేటి?"

"అబద్ధవేటి సెప్పాను? ఎత్తనివ్వనేదు కదా."

గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. ప్రేమ ఉందేమోనని వెతికాను. చేతులు కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు.

పిల్ల చాప మీద కదిలి, పక్కకి ఒరిగి, మూలిగింది. తడిసిపోయినట్టుంది. నేను లేచి దాన్ని ఎత్తుకోబోయాను. పుష్ప నాకన్నా ముందొచ్చింది. తడిచేతులు చీరకి తుడుచుకుని, వంగి, ఆరేళ్ల పిల్లని ఒక్క ఊపున భుజానికెత్తుకుంది. నడుం పట్టేసినట్టు మొహం ముడిచింది. నేను చేతులు చాపే ఉన్నాను.

"నువ్వెత్తకొదినా" అంది. "బరువు."